మోగిందా, మోగలేదా

బంగారయ్య గారి ఫోనులో బొమ్మ కదులుతోంది, చప్పుడు లేదు. కాలవ గట్టు రోడ్డు, దాని మీద కొబ్బరి చెట్ల నీడలు, ముందర ఒక సైకిలు. సైకిలు వెనక అడ్డంగా కట్టిన కొబ్బరి మట్టల మోపు రోడ్డుని సగం ఊడుస్తూ పోతోంది. అది దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. తెర పైన ఎర్రటి అక్షరాలు వెలిగాయి. అయినా బండి వేగం తగ్గలేదు. మోపు ఒక్కసారిగా పక్కకి తిరిగింది, సైకిలు కనపడకుండా పోయింది, అప్పుడు మాత్రం బొమ్మంతా ముందుకి ఊగి నిలిచిపోయింది.

"చూసేవా?" అన్నారు బంగారయ్య గారు. "ఎర్ర అక్షరాలు. పెట్టె ముందే చెప్పింది. నువ్వు బ్రేకు మీద కాలెయ్యలేదు."

దుర్గాసాయి చేతులు వెనక్కి కట్టుకుని వరండా మెట్టు కింద నిలబడి ఉన్నాడు. "మోగలేదండి" అన్నాడు.

"అక్షరాలొచ్చేయి, చప్పుడు మాత్రం రాలేదంటావు."

"ఆయ్. నాకైతే మోగలేదండి."

విషయం తెలిసి తాటిపాక సెంటర్ నుంచి ఆటోలో పరిగెత్తుకొచ్చిన మమత, స్తంభం పక్క నుంచి మెడ సాచి ఆ బొమ్మంతా చూసింది. తరవాత మొగుడి వీపు చూసింది. పెళ్ళయిన ఈ కొద్ది నెలల్లో ఆ వీపుని ఆమె చాలా శ్రద్ధగా చదివింది. ఆకలేస్తే ఒకలా ఉంటుంది, సిగ్గుపడితే ఇంకోలా ఉంటుంది, పాట వింటుంటే భుజాలు తెలియకుండానే కదులుతాయి. ఇవాళ అందులో ఏమీ లేదు. ఆ వీపు నిజం చెబుతున్న మనిషిదో కాదో ఆమెకి తెలియలేదు. అది తెలియకపోవడం ఆమెకి నచ్చలేదు.

వరండా చివర పీట మీద గంగరాజు కూర్చుని ఉన్నాడు. సైకిలు మీంచి కాలవ గట్టున పడ్డది ఆయనే. మోచేతికి కట్టు, లుంగీ నిండా బురద. ఎవరో ఇచ్చిన కాఫీ ఎడమ చేత్తో తాగడం రాక, గ్లాసుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయ్యగారూ, నాకు తెలీకడుగుతానండి. ఆ పెట్టె ఎవరికి మోగుతాదండీ?"

"డ్రైవరుకి."

"మరి పడేది నేను కదండీ! ఆ టింగుమనేదేదో నాకు మోగితే పక్కకి తప్పుకుందును."

వంటమనిషి సూర్యావతి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బంగారయ్య గారు నవ్వలేదు. కొబ్బరి వ్యాపారంలో తలపండిన మనిషి. కాయని చెవి దగ్గర ఆడించి, లోపల నీళ్ళెంతున్నాయో చెప్పగలనని ఆయనకి నమ్మకం. కొత్త ఏడు సీట్ల బండి కొన్నాక కాకినాడ నుంచి మనిషిని పిలిపించి, ముందు అద్దానికి ఆ పెట్టె పెట్టించింది ఆయనే. ఎదర ఏదైనా అడ్డొస్తే అది మోగుతుంది, ఆ ముక్క వీడియో ఆయన ఫోనుకి వస్తుంది.

"శనివారం సూర్యప్రకాష్ వస్తాడు, పెట్టె పెట్టినతను" అన్నారాయన. "పెట్టెలో తేడా ఉందంటే సరే. లేదంటే నువ్వు అబద్ధమాడినట్టు. తప్పు చేస్తే సర్దుకుంటాను గానీ, అబద్ధమాడేవాడికి నా బండి ఇవ్వను సాయీ. మా బావమరిది కొడుకు బుజ్జిబాబు ఖాళీగానే ఉన్నాడు."

ఆ చివరి మాట మమత చెవిలో ముల్లులా దిగింది. ఓహో, బుజ్జిబాబు అనే ఒకాయన ఉన్నాడన్నమాట.

అప్పుడే లోపల నుంచి వాకరు పట్టుకుని వెంకటరమణమ్మ గారు వచ్చారు. బంగారయ్య గారి భార్య. మోకాలు ఆపరేషనయి, రోజూ అమలాపురంలో ఫిజియోథెరపీకి వెళ్తున్నారు. "మరి రేపు నన్నెవరు తీసుకెళ్తారండీ?"

"శనివారం దాకా వీడే."

"నాకు భయమండీ. పక్కన ఓ ఆడమనిషైనా లేకుండా నేనెక్కను."

"నేనొస్తానండి, అమ్మగారూ" అంది మమత. ఎవరూ అడగకుండానే మెట్టెక్కేసింది కూడా. అందరూ తన వైపు చూస్తుంటే చెవులు వేడెక్కాయి. దుర్గాసాయి వీపు మొదటిసారి కదిలింది.

*

సాయంత్రం ఇంటికి వస్తూ పొట్టిక్కలు కట్టించుకొచ్చాడు దుర్గాసాయి. ఎంత దిగులున్నా ఈ మనిషి ఖాళీ చేతుల్తో రాడు. పనసాకు బుట్టలో ఉడికిన ఆ వేడి ఇడ్లీని, ఆకు చిరక్కుండా ఒక్కో పుల్లా తీసి విప్పి, మొదటిది ఎప్పుడూ మమత పళ్ళెంలోనే వేస్తాడు. ఆ పుల్లలు తీసే వేళ్ళని చూడటం కోసమే ఆమె ఎదురుగా కూర్చుంటుంది. ఇవాళ వేళ్ళని కాదు, మొహాన్ని చూస్తోంది.

"నిజం చెప్పండి. మోగలేదా?"

"నీ మీదొట్టు."

"నా మీదెందుకు? మీ మీద వేసుకోండి."

"నా మీద వేసుకుంటే ఏముందోయ్, నువ్వు నమ్మవుగా." నవ్వాడు. "పోతే పోయింది ఉద్యోగం. మస్కట్‌లో నాతో పనిచేసిన అయ్యప్ప మొన్న కూడా ఫోన్ చేసేడు. వీసా రెడీగా ఉందంట. ఊఁ అంటే చాలు."

పచ్చడి వేస్తున్న మమత చెయ్యి ఆగిపోయింది. పెళ్ళిచూపుల్లో ఈ మనిషి ఆమెతో విడిగా మాట్లాడిన మాట ఒక్కటే. ఇంక గల్ఫ్ వెళ్ళను, ఇక్కడే ఉంటాను అని. ఆ ఒక్క మాట మీద, బీఎస్సీ చదివిన పిల్ల, డ్రైవరుకి ఇస్తారా అని బంధువులంతా సణుగుతున్నా తలూపింది. శనివారం బండి తాళాలు పోతే, పండక్కి కాదు కదా, రెండేళ్ళ దాకా ఈ వేళ్ళు ఈ పళ్ళెం దగ్గర ఉండవు.

"అలా అనకండి" అంది. "పెట్టెలోనే ఉంది తేడా. నేను పట్టుకుంటాను చూడండి."

*

మంగళవారం పొద్దున ముందు సీట్లో కూర్చున్నప్పుడు మమతకి తన పనేమిటో కాసేపు గుర్తు రాలేదు. అంత పెద్ద బండిలో మొగుడి పక్కన కూర్చోవడం అదే మొదలు. దుర్గాసాయి పసుపు గుడ్డతో అద్దం తుడిచాడు, పక్క అద్దాలు సర్దాడు, స్టీరింగుని రెండు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. వెనక సీటులో వెంకటరమణమ్మ గారు కాలు బారజాపుకుని, పైన పట్టుకునే కమ్మీని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకున్నారు.

బండి వీధి మలుపు తిరిగిందో లేదో, టింగ్ మంది.

మమత ఉలిక్కిపడింది. ఎదురుగా ఆగి ఉన్న అరటి గెలల ఆటో. బండి దాన్ని దాటింది. టింగ్. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికి అడ్డంగా పెట్టిన రాళ్ళు. టింగ్. స్కూలు పిల్లల సైకిళ్ళు. టింగ్, టింగ్. నాగరం దాకా వచ్చేసరికి ఆమెకి అర్థమైంది, ఈ సీమలో రోడ్డు మీద ఏది లేకపోతే పెట్టె ఊరుకుంటుందో అది ఎప్పుడూ ఉంటుంది. బండికి ఎదర ఓ ఆటో, ఓ గేదె, ఓ తాతగారు లేని క్షణం లేదు. రోడ్డు మధ్య గీత సరిగ్గా లేని చోట గీత దాటావని కూడా మోగుతోంది.

పెట్టె మోగుతోంది. కమ్మగా, స్పష్టంగా, బతికి ఉన్న మనిషెవరికైనా వినపడేట్టు మోగుతోంది.

ఆమె మెల్లిగా మొగుడి వైపు తిరిగింది. అతను హాయిగా ఉన్నాడు. గేరు మార్చాడు, సైకిలు పిల్లలకి హారన్ కొట్టి పక్కకి జరిగాడు. టింగ్ మన్నప్పుడు కనురెప్ప కూడా కదపలేదు.

"ఇప్పుడు మోగింది కదండీ?"

"ఏది?"

"ఏది అంటారేంటి? టింగ్ మంది."

దుర్గాసాయి పెట్టె వైపు చూసి, మళ్ళీ రోడ్డు చూశాడు. "ఎప్పుడూ?"

వెనక నుంచి వెంకటరమణమ్మ గారు అందుకున్నారు. "ఎప్పుడేంటయ్యా, ఇంటి దగ్గర్నుంచీ నా ప్రాణం తోడేస్తంటే! అది మోగినప్పుడల్లా బ్రేకు పడుతుందేమోనని నా మోకాలు బిగిసిపోతంది."

బోడసకుర్రు వంతెన మీద వైనతేయ నది ఎండలో తళతళలాడింది. మామూలుగా అయితే మమత అద్దం దింపి గాలికి మొహం ఆన్చేది. ఇవాళ నది వంక కూడా అనుమానంగానే చూసింది. నిన్న ఈ మనిషి తన మీద ఒట్టేశాడు.

*

ఆ సాయంత్రమంతా మమత పరీక్షలు పెట్టింది. దుర్గాసాయి వీధి అరుగు మీద పేపరు చదువుకుంటుంటే, వంటింట్లోంచి చెంచా కింద పడేసింది. "ఏం పడింది?" అని అడిగాడు. కుళాయి సన్నగా వదిలి పెట్టింది. "నీళ్ళు పోతున్నాయి చూడు" అన్నాడు. పెరట్లోకి వెళ్ళి గాజులు కొద్దిగా కదిపి చూసింది. "ఏంటి, నన్ను పిలుస్తున్నావా?" అంటూ నవ్వుతూ వచ్చేశాడు. ఆ నవ్వుకి తనూ నవ్వబోయి, ఆపుకుంది. చెవులు బంగారంలా ఉన్నాయి. అయితే అబద్ధం చెబుతున్నట్టే.

ఎందుకు చెబుతున్నట్టు?

కాసేపటికి అతని ఫోన్ మోగింది. తెర చూసి, లేచి, సందు చివరి దాకా నడిచి వెళ్ళి మాట్లాడాడు. మధ్యలో నవ్వాడు. తల గోక్కున్నాడు. గుమ్మంలో నిలబడి మమత ఆ తల గోక్కునే తీరుని చూసింది. ఉద్యోగం పోవాలని ఈయనే చూస్తున్నాడా? పోతే మస్కట్ వెళ్ళడానికి ఆయన మీద నింద ఉండదు కదా. లేక అక్కడ ఎవరైనా... ఆ ఆలోచనని సగంలోనే తుంచేసింది గానీ, తుంచిన ముక్క చేతిలో మిగిలింది.

"ఎవరండీ?"

"అయ్యప్పేనోయ్. శనివారం దాకా ఆగమన్నాను."

"శనివారం దాకా ఎందుకు ఆగమన్నారు? రానని చెప్పచ్చుగా."

దుర్గాసాయి ఆమె మొహంలోకి చూశాడు. "మమతా, నన్ను కూడా ఆ బంగారయ్య గారిలాగే చూస్తున్నావు."

"మోగుతున్నదాన్ని మోగలేదంటే ఎలా చూడమంటారు?"

ఆ పూట పొట్టిక్కలు లేవు. అన్నం ఇద్దరూ చెరొక చోట తిన్నారు.

*

బుధవారం బండెక్కుతూనే మమత చెప్పింది. "ఇవాళ అది మోగినప్పుడల్లా మీ మోచెయ్యి తాకుతాను. మాట్లాడను. మీరు రోడ్డు చూడండి."

"తాకితే నాకేం నష్టం" అన్నాడు, ఇంకా అలకగానే.

వీధి మలుపులో తాకింది. పంచాయతీ ఆఫీసు దగ్గర తాకింది. సెంటర్లోకి వచ్చాక చెయ్యి తియ్యడానికే ఖాళీ దొరకలేదు. మొదట అతను చిరాకుగా భుజం కదిపాడు. ఆట పట్టిస్తోందేమోనని వెనక అద్దంలో చూశాడు, వెంకటరమణమ్మ గారు కూడా ఆమె తాకినప్పుడల్లా సరిగ్గా కమ్మీని బిగిస్తున్నారు. మామిడికుదురు దాటాక బండి పక్కకి తీసి ఆపేశాడు.

"ఇన్నిసార్లా?" అన్నాడు.

"ఇన్నిసార్లూనండి."

"నాకు ఒక్కటీ వినపడలేదు మమతా. నీ మీద..." ఒట్టు సగంలో ఆపేశాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని పెట్టె వంకే చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు అటుగా పోయిన లారీకి పెట్టె టింగ్ మంది. ఆగిన బండిలో, దాన్నే చూస్తూ కూర్చున్నప్పుడు, ఆ ఒక్కటి అతనికి వినపడింది.

"ఇది..." అన్నాడు. "ఇది మస్కట్ చప్పుడు."

"అంటే?"

"అక్కడ బళ్ళు నూట ఇరవై దాటితే ఇలాగే మోగుతాయి. ఎడారి రోడ్డు, మా సేటుకి ఎప్పుడూ తొందరే. పొద్దున ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా టింగ్ టింగ్ టింగ్. మొదట్లో రాత్రి పడుకున్నా తలలో మోగేది, ఏడుపొచ్చేది. తరవాత..." ఆలోచించాడు. "తరవాత ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. బళ్ళలో అది తీసేసేరనుకున్నాను."

వెనక నుంచి వెంకటరమణమ్మ గారు, "అయితే అబద్ధం కాదన్నమాట" అన్నారు, ఎవరితోనూ అననట్టుగా.

మమతకి ఒక్కసారి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. అబద్ధం కాదు. తన మీద వేసిన ఒట్టు ఒట్టే. అక్కడే, అమ్మగారు చూస్తుండగానే, అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వెంటనే ఇంకో సంగతి తట్టి వదిలేసింది. అబద్ధమాడేవాడికే బండి ఇవ్వనన్న బంగారయ్య గారు, వినపడని వాడికి ఇస్తారా?

"అమ్మగారూ, శనివారం దాకా ఈ సంగతి అయ్యగారికి..."

"నేనెందుకు చెప్తానమ్మా. నా కాలు నువ్వు చూసుకుంటున్నావు, చాలదూ." ఆవిడ చిన్నగా నవ్వారు. "అయినా అతని చెవులు నీ దగ్గరుంటే సరిపోతుందిగా."

అదే సరిపోతుందనిపించింది మమతకి. ఆమె వింటుంది, తాకుతుంది. అతను చూసుకుంటాడు. తిరుగు ప్రయాణంలో ఆ ఏర్పాటు ఎంత బాగా కుదిరిందంటే, వంతెన మీద అద్దం దింపి, గాలికి జుట్టంతా చెదరనిచ్చింది. గురువారానికి అదొక ఆటైపోయింది. ఆటోకైతే ఒక వేలు, లారీకి రెండు, గేదెకి చిన్న గిల్లు. గేదెలు ఎక్కువైన చోట దుర్గాసాయి "అబ్బా" అంటే, "మీ దగ్గర బంధువులు కదండీ, గుర్తు పట్టాలి మరి" అంది. వెంకటరమణమ్మ గారు వెనక నుంచి, "కొత్త జంటని ముందు సీట్లో పెట్టుకుంటే నాకు సినిమాకి వెళ్ళక్కర్లేదు" అన్నారు. అమలాపురంలో ఆవిడకి కాలు వంచుతున్నంతసేపూ ఇద్దరూ బండిలో కూర్చుని, జామకాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుకుని తిన్నారు. శనివారం సూర్యప్రకాష్‌తో ఏం చెప్పాలో మమత మనసులో చక్కగా పేర్చుకుంది. పెట్టె ఒక్కోసారి మోగుతుంది, ఒక్కోసారి మోగదు అని చెబుతుంది. చదువుకున్న పిల్ల చెబితే నమ్ముతారు.

*

శుక్రవారం తిరిగి వస్తున్నారు. పాశర్లపూడి దగ్గర ఎండ తెల్లగా కాస్తోంది. కొత్త కర్టెన్లు ఏ రంగు కొనాలనే మాట నడుస్తోంది. ఆకుపచ్చ అన్నాడతను. పెరట్లో ఉన్న పచ్చ చాలదా, గులాబీ రంగు అంది ఆమె.

బండి ఒక్కసారి ముక్కు నేలకి గుచ్చినట్టు ఆగింది. సీటు బెల్టు మమత మెడని కోసినంత పని చేసింది. వెనక నుంచి వెంకటరమణమ్మ గారి కేక. బండికి జానెడు దూరంలో, నెత్తిన చేపల తట్టతో ఒకామె, అరచెయ్యి బానెట్ మీద ఆన్చి నిలబడి ఉంది. తట్టలోంచి రెండు చేపలు జారి రోడ్డు మీద పడ్డాయి. ఆమె అటూ ఇటూ చూసి, ఊపిరి పీల్చుకుని, తిట్లు మొదలుపెట్టింది. దుర్గాసాయి దిగి, దణ్ణం పెట్టి, చేపలు ఏరి తట్టలో వేశాడు. ఆమె తిడుతూనే పక్కకి జరిగి, తిడుతూనే వెళ్ళిపోయింది.

అతను తిరిగొచ్చి కూర్చున్నాడు. "నా కంట పడింది కాబట్టి సరిపోయింది" అన్నాడు. "దీనికి మోగలేదు కదా, నువ్వు తాకలేదు."

"లేదండి. మోగలేదు" అంది మమత. ఆమె గుండెలో భయంతో పాటు ఒక సంతోషం కూడా లేచింది. దొరికింది! పెట్టెలో తేడా ఉంది. ఇదే శనివారం చెప్పాలి.

"మోగలేదా?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. వెంకటరమణమ్మ గారు మోకాలు పట్టుకుని, నొప్పికి కళ్ళు సగం మూసి ఉన్నారు. "అదేంటమ్మా? ఆ మలుపు దగ్గర్నుంచీ ఆగకుండా మోగుతంటే, ఇద్దరూ కర్టెన్లు అంటున్నారు. చెప్దామని నోరు తెరిచేలోపు ఇంత పనయింది."

మమత తన చేతుల వైపు చూసుకుంది. రెండూ ఒళ్ళో, ఒకదాని మీద ఒకటి, హాయిగా పడుకుని ఉన్నాయి. వంతెన దాటాక ఒక్కసారైనా అతన్ని తాకిందా? వంతెనకి ముందు? వంతెనకి ఇవతల గేదెల మంద ఎదురైంది, అది గుర్తుంది. గిల్లినట్టు గుర్తులేదు.

ఊరి దాకా ఆమె పెట్టె వంకే చూస్తూ కూర్చుంది. అలా చూస్తున్నప్పుడు, ప్రతిదానికీ, అది మోగింది.

*

శనివారం సూర్యప్రకాష్ బండి తలుపు తెరిచి పెట్టి, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని చాలాసేపు చూశాడు. దుర్గాసాయిని బండి ముందు నడిపించాడు, వెనక్కి నడిపించాడు. పెట్టె మోగింది, మళ్ళీ మోగింది. వరండాలో అందరికీ వినపడింది.

"పెట్టె శుభ్రంగా ఉందండి. స్పీకరూ బాగుంది" అన్నాడు దిగి.

బంగారయ్య గారు దుర్గాసాయిని చూడలేదు. మమతని చూశారు. "అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. ఇన్నాళ్ళూ పక్కన కూర్చున్నావు. నువ్వు చెప్పు. నిన్న పాశర్లపూడి దగ్గర ఎవరో చేపలావిడ మీదకెళ్ళినంత పనైందంట. ఈ ఊళ్ళో నాకు తెలియనిదుండదు. అప్పుడు మోగిందా, మోగలేదా?"

రాత్రంతా పేర్చుకున్న మాటలు నాలిక చివరే ఉన్నాయి. ఒక్కోసారి మోగుతుందండి, ఒక్కోసారి మోగదండి. అది అబద్ధం కూడా కాదు. నిన్న ఆమెకి మోగలేదు. దుర్గాసాయి మెట్టు కింద చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. ఆ వీపు ఆమెని ఏమీ అడగడం లేదు. వాకరు మీద వాలిన వెంకటరమణమ్మ గారు కూడా ఏమీ అడగడం లేదు.

"మోగిందంటండి" అంది మమత. "నేను వినలేదు."

"అంటే?"

"మంగళవారం ప్రతీదీ విన్నానండి. ఈయన వినలేదంటే అబద్ధమాడుతున్నారని నేనే అనుమానపడ్డాను. బుధవారం నాడు నేను విని ఈయనకి చెప్పాను. నిన్నటికి నాకూ వినపడ్డం మానేసింది. ఎప్పుడు మానేసిందో తెలీదు. వింటున్నాననే అనుకుంటున్నానండి." మెట్టు కింద నిలబడ్డ మొగుడి వైపు ఒక్కసారి చూసింది. "మాకు ఉద్యోగం కావాలండి. కానీ పెట్టె మోగలేదని చెప్పలేను. ఆవిడ చెయ్యి బానెట్ మీద ఉంది."

"బావుంది" అన్నారు బంగారయ్య గారు. "మొగుడూ పెళ్ళాం కలిసి కొత్త నాటకం కట్టేరు. మోగుతుందంట, వినపడదంట. అంత పెద్ద చప్పుడు వినపడకుండా ఎలా ఉంటాదమ్మా మనిషికి?"

సూర్యప్రకాష్ లాప్‌టాప్ మూస్తూ మొహమాటంగా అన్నాడు. "అయ్యగారూ, ఇందాక నేను టెస్టు చేసినవి మీ ఫోనుకీ వచ్చేయండి. మీ జేబులోనే మోగింది కదా."

"నా ఫోనా? మోగలేదే."

సూర్యావతి గుమ్మంలో నిలబడి, ఈసారి నోటికి చెంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

బంగారయ్య గారు చొక్కా జేబులోంచి ఫోను తీశారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. బొటనవేలితో తెరని పైకి తోశారు. ఇంకా తోశారు. నిన్నటివి, మొన్నటివి, చేపలావిడది, గేదెలవి, అన్నీ తెరవకుండానే ఉన్నాయి. వేలు చాలాసేపు కదిలింది.

"ఇవన్నీ వచ్చినప్పుడల్లా మోగుతాయా?" అని అడిగారు, నెమ్మదిగా.

"ఆయ్. వచ్చినప్పుడల్లానండి."

"గంగరాజుది మాత్రం చూసేను."

"గంగరాజు ఇంటికొచ్చి కూర్చున్నాడు కదండీ" అన్నారు వెంకటరమణమ్మ గారు. "అప్పుడు వెతికి తీసేరు."

ఆయన ఫోను తిప్పి బల్ల మీద బోర్లా పెట్టారు. కాసేపు రోడ్డు వైపు చూశారు. "దీని గోల తగ్గించడం కుదరదా?"

"ఎందుక్కుదరదండీ. పెట్టినప్పుడే అడిగేను. గుద్దేస్తుందనే దానికి తప్ప మిగతావాటికి ఆపెయ్యమంటారా అని. డబ్బు పోసి కొన్నాం, అన్నీ ఉంచెయ్యమన్నారు మీరు."

"అన్నానా" అన్నారు బంగారయ్య గారు. "అయితే ఆ ఒక్కటీ ఉంచి మిగతావి తీసెయ్."

దుర్గాసాయి మెట్టెక్కి తాళాలు బల్ల మీద, ఫోను పక్కన పెట్టాడు. బంగారయ్య గారు వాటిని ముట్టుకోలేదు. లేచి, లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"సోమవారం కూడా తొమ్మిదికే కదా ఫిజియోథెరపీ?" అని భార్యని అడిగారు. ఆవిడ అవునన్నారు. ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

తాళాలు తీసుకోవచ్చో లేదో తెలియక ఇద్దరూ కాసేపు అలాగే నిలబడ్డారు. చివరికి వెంకటరమణమ్మ గారే వాటిని తీసి మమత చేతిలో పెట్టారు.

*

సోమవారం బండిలో చప్పుడు లేదు. వీధి మలుపులో ఆటో ఉంది, పెట్టె మోగలేదు. సెంటర్లో సైకిళ్ళున్నాయి, మోగలేదు. ఏసీ గాలి వినపడుతోంది, టైర్ల కింద నలిగే ధాన్యపు గింజలు వినపడుతున్నాయి. దుర్గాసాయి ఇంతకుముందు కన్నా మెల్లిగా తోలుతున్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

నాగరం దాటాక అడిగాడు. "మోగిందా?"

"లేదండి."

"నిజంగా?"

మమత చెవులు రిక్కించింది. ఏమీ లేదు. కానీ శుక్రవారం కూడా ఏమీ లేదనే అనుకుంది కదా. ఉన్నది నిశ్శబ్దమో, తన చెవులు మూసుకున్న తలుపో, లోపల కూర్చుని ఎలా చెప్పడం? దీన్ని తేల్చగలిగిన మనిషి ఒక్కరే. ఆమె వెనక్కి తిరిగింది.

వెంకటరమణమ్మ గారు కమ్మీ వదిలేసి, కాలు చాపుకుని, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నారు. ఈ బండిలో ఆవిడ నిద్రపోవడం ఇదే మొదలు.

మమత ముందుకి తిరిగింది. అప్పనపల్లి గుడికెళ్ళే యాత్రికుల ఆటోలు రోడ్డెక్కే చోటు వస్తోంది. అద్దం దింపి, సీటు చివరికి జరిగి, రెండు కళ్ళూ రోడ్డు మీద పెట్టింది.

"ఏమండీ, ఎడమ పక్క నుంచి ఆటో వస్తోంది" అంది.

"చూసేను" అన్నాడు దుర్గాసాయి.

"చూసినా సరే, చెప్తున్నాను."

అతను బ్రేకు మీద కాలేశాడు.